గోవిందు ఒక్కపొద్దు

ఈ నల్లాకు గీత మీద ఏదో పాత పగ ఉంది. రెండు చేతులూ ఖాళీగా పెట్టుకొని, డ్రమ్ము తోమి, పైపు తగిలించి, పెరట్లో పీట వేసుకొని కూర్చున్న రోజు బుస్సుమని గాలి వదిలి ఊరుకుంటుంది. ఒళ్ళో జబ్బు కుందేలు, కుడిచేతిలో సూది లేని సిరంజి, ఎడమచేతి కింద తువ్వాల, ముక్కు కొస మీద దురద ఉన్న రోజు మాత్రం పిలవని చుట్టంలా దబదబా వచ్చేస్తుంది. వచ్చింది. డ్రమ్ములో పడుతున్న చప్పుడు ముందు బోలుగా ఉంది, ఇప్పుడిప్పుడే బరువెక్కుతోంది, ఇంకాసేపటికి నిండి పొర్లుతుంది, పొర్లిన నీళ్ళు సందులోంచి వీధిలోకి పోతాయి, పోతే ఎదురింటి కాంతమ్మ అరుగు మీద నిలబడి నీళ్ళ విలువ తెలియని వాళ్ళ గురించి ఎవరితోనో అన్నట్టు గాలితో అంటుంది. లేవాలి. లేస్తే ఇది కదులుతుంది, కదిలితే ఇంతసేపూ బుగ్గలోకి ఎక్కించిన పచ్చటి ముద్దంతా చీర మీద ఉమ్మేస్తుంది. ఇప్పటికే సగం ఉమ్మేసింది. పట్టుచీర కాదులే, పట్టుచీర ఇంకాసేపట్లో కట్టుకోవాలి, దీపాల వేళకు అందరూ వస్తారు. వనపర్తి మొత్తంలో ఒక్కపొద్దు ఉండే కుందేలు ఈ ఒక్క ఇంట్లోనే ఉంది. అది ఈ శనివారం దీపాల వేళ దాకా బతికి ఉండాలి, వీలైతే ఆ తర్వాత కూడా.

నోరు తెరువు గోవిందూ, మందే కదా, మందు ఎంగిలి కాదు. ఆ సంగతి గీత పొద్దున్నే తేల్చుకుంది. మందు లెక్కలోకి రాదు. తను ఒక్కపొద్దు రోజు తాగే చాయ్ కూడా లెక్కలోకి రాదు, అరటిపళ్ళు రావు, పాలు రావు, మధ్యాహ్నం నీరసమొస్తే తినే ఉప్మా రాదు, ఎందుకంటే అది రవ్వ, బియ్యం కాదు. సాబుదానా అయితే అసలు తిన్నట్టే కాదు. కాలనీలో అందరూ ఇట్లాగే ఉంటారు, శనివారం సాయంత్రానికి మామూలు రోజు కంటే కడుపు ఎక్కువ బరువుగా ఉంటుంది, అయినా స్వామి లెక్క స్వామికి ఉంటుంది. ఈ లెక్కలేవీ తెలియక నిజంగా ఏమీ తినకుండా ఉండేది కుందేలొక్కటే. చెవులు పట్టుకుని చూసింది. పశువుల దవాఖాన డాక్టరు పట్టి చూడమన్నాడు, చల్లగా ఉంటే మంచిది కాదన్నాడు. చల్లగానే ఉన్నాయి. ఫ్యాను గాలికేమో. ఫ్యాను ఆపి ఉంది.

వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముకలు ఒక్కొక్కటే తగులుతున్నాయి, జపమాల పూసల్లాగా. ఆ పోలిక బాగుంది, వసంతకు చెప్పాలి. వసంత కాంతమ్మ ఆడపడుచు, గద్వాల నుంచి ఈ సాయంత్రం పనిగట్టుకుని వస్తోంది, ఫోనులో వీడియోలు తీసి ఊరందరికీ చూపించే మనిషి. పోయిన నెలలో ఎవరింట్లోనో కన్నీళ్ళు కార్చిన పటం చూపించింది, తర్వాత అది గోడ చెమ్మ అన్నారు, అయినా చాలామంది చూశారు. ఎముకలు పూసల్లాగా. రోజూ పొద్దున బరువు చూసేది నర్సింహులు. మొగుడు మార్కెట్ యార్డులో గుమస్తా, పల్లీల సంచులు కాంటా పెట్టించి పెట్టించి ఆయనకు ఏ వస్తువును చూసినా తూకమే గుర్తుకొస్తుంది, పెళ్ళిచూపుల్లో తనను కూడా అట్లాగే చూశాడు. చీరల దుకాణం వాళ్ళిచ్చిన గుడ్డ సంచిలో కుందేలును కూర్చోబెట్టి, కొక్కేనికి తగిలించి, సంచి తరుగు పోను ఇంత అని ప్రకటిస్తాడు. కుందేలు ఆ సంచిలోంచి చెవులు మాత్రం బయటపెట్టి, కొనేవాడు దొరకని సరుకులా వేలాడుతూ ఉంటుంది. "నిన్నటి మీద తగ్గిందే. ఇట్ల పోతే ఎల్లుండికి సంచి తూకమే మిగుల్తది," అన్నాడు ఇవాళ, అని చుట్టాల గ్రూపులో పెట్టాడు. గ్రూపులో ఒకరు వాము నీళ్ళన్నారు, ఒకరు ఇంగువ అన్నారు, ఒక బావగారు దండం పెట్టిన చేతుల బొమ్మ పెట్టి, కింద శుభోదయం అన్నారు. కూతురు అమూల్య ఒక్కతే హాస్టల్ నుంచి అడిగింది, కోకో తిన్నదా అమ్మా అని. గీత తింటుంది అని పెట్టింది. తింటుంది అంటే ఎప్పుడైనా తింటుందని, అబద్ధం కాదు. అమూల్య రేపు వస్తుంది.

కోకో దాని మొదటి పేరు. కొల్లాపూర్‌లో స్నేహితురాలి ఇంటి నుంచి అమూల్యే తెచ్చింది, అట్టపెట్టెలో, హాస్టల్‌కు పోతూ నేను గుర్తొచ్చినప్పుడల్లా దీన్ని ఎత్తుకో అమ్మా అని ఏడ్చింది. గీతకు కూతురు గుర్తొచ్చినప్పుడల్లా దాని మార్కులు గుర్తొచ్చేవి, అయినా ఎత్తుకునేది. అప్పట్లో సాయంత్రాలు అందరూ కాంతమ్మ ఇంట్లో చేరేవాళ్ళు. కాంతమ్మకు పిత్తాశయంలో రాళ్ళు తీశారు, ఆ రాళ్ళను గాజు సీసాలో పోసి షోకేసులో పెట్టింది, పెళ్ళి ఫోటోకూ తాజ్‌మహల్ బొమ్మకూ మధ్య. వచ్చినవాళ్ళకల్లా సీసా తీసి గలగలలాడించి చూపించేది. గీతకు ఏముంది, రాళ్ళు లేవు, షుగరు లేదు, మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి, చెప్పుకోవడానికి ఒక్క రోగం లేని బతుకు. నల్లా చప్పుడు మారింది, సగం నిండి ఉంటుంది. అప్పుడే ఒక శనివారం కురుమూర్తి గుట్టకు పోయి ఎండలో తిరిగొచ్చి నిద్రపోయింది, కుందేలుకు గడ్డి వేయడం మర్చిపోయింది, అంతే, మర్చిపోయింది. సాయంత్రం కాంతమ్మ వచ్చేసరికి అది దేవుడి గూటి ముందు కూర్చుని ముందు కాళ్ళు రెండూ ఎత్తి అటూ ఇటూ ఊపుతోంది. ఆకలికి అడుక్కుంటోందని ఇప్పుడు అనిపిస్తుంది గానీ ఇప్పుడు అట్లా అనుకోకూడదు. ఇదేం తినలేదా అని కాంతమ్మ అడిగింది. పొద్దటి నుంచి ముట్టలేదక్కా అని గీత అన్నది, అదీ అబద్ధం కాదు. కాంతమ్మ కాసేపు చూసి, నెమ్మదిగా చెంపలు వేసుకుంది. రాళ్ళ సీసా ఆ క్షణాన్నే మసకబారింది.

తర్వాత వారం గీత మర్చిపోలేదు. గుర్తుపెట్టుకుని వేయలేదు. కోకో అనే పేరు పూజకు బాగుండదని గోవిందు అని మార్చారు, డాక్టరు ఈ మధ్య తిరగేసి చూసి ఇది ఆడది అన్నాడు, దేవుడి దగ్గర ఆడా మగా ఏముందిలే అని అదే ఉంచేశారు. శనివారం పొద్దున్నే దానికి తిరునామం పెట్టేది, అది కాలితో తుడుచుకునేది, మళ్ళీ పెట్టేది. దీపం పెట్టాక ఒక్కపొద్దు విడిచే వేళ అందరూ చుట్టూ కూర్చుంటే, ముక్కు ముడుచుకుంటూ ముడుచుకుంటూ వచ్చి, గీత చేతిలోంచి బెల్లం కలిపిన అరటిపండు నాకేది, నెయ్యి ఓడుతున్న కేసరి నాకేది. ఆడవాళ్ళ కళ్ళలో నీళ్ళు. కార్తీకం వచ్చింది, అది శివుడి నెల, శనివారంతో పాటు సోమవారం కూడా చేర్చింది, ఏకాదశి ఎట్లాగూ ఉంటుంది. కుందేలు ఏమీ అనలేదు. పోయిన శనివారం మాత్రం దీపం పెట్టి కేసరి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. మూలకు పోయి వెన్ను గూనిగా పెట్టుకుని, కళ్ళు సగం మూసి, పళ్ళు కటకట నూరింది. గీత పరువు పోయిందనుకుంది. కాంతమ్మే చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టింది. "మెల్లగ మాట్లాడుండ్రే. దానికిప్పుడు తిండి మీద మనసు లేదు. లోపల నామం చదువుకుంటుంది, పెదాలు చూడుండ్రి," అన్నది. అందరూ పెదాలు చూశారు. నొప్పికి పళ్ళు నూరుకుంటున్న కుందేలుకు ఒకామె టెంకాయ కొట్టింది. అప్పటి నుంచి తనంతట తను ఏమీ ముట్టలేదు, గీత సిరంజితో లోపలికి పంపిందే బతుకు. అది ఎంత చిక్కితే అంత పేరొచ్చింది. చిక్కడం ఇంతగా కలిసొచ్చిన ప్రాణి కాలనీలో ఇంకొకటి లేదు, గీత తను కూడా చిక్కాలని ఎన్నో ఏళ్ళుగా చూస్తోంది.

మింగు తల్లీ, ఒక్క బుక్క. గొంతు కదిలింది, లేదు, వణికింది. డాక్టరు బర్రెల మనిషి, కుందేలును చూసి ముందు ఇదెవరు అన్నట్టు చూశాడు, కానీ పొట్ట మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. చప్పుడు లేదన్నాడు. కుందేలు కడుపు పిండి గిర్నీ లాంటిదట, ఆపకుండా గింజ పడుతూనే ఉండాలట, ఆగితే మళ్ళీ తిప్పడం కష్టమట. ఎప్పుడన్నా తిండి పెట్టకుండ ఉన్నరా, తీపి గిట్ల పెట్టిండ్రా అని సూటిగా అడిగాడు. పక్కన నర్సింహులు ఉన్నాడు, వెనక బర్రెను తెచ్చిన మనిషి ఉన్నాడు, ఆ మనిషి కాలనీ పాలాయన. గీత నవ్వింది. ఎప్పుడూ తింటనే ఉంటది సార్, గడ్డే, అన్నది. నర్సింహులు పైకప్పు చూశాడు, తేమ ఎక్కువున్న సంచికి సంతకం పెట్టేటప్పుడు కూడా అట్లాగే చూస్తాడట. డాక్టరు మరైతే పళ్ళేమో అని నోరు తెరిచి చూసి, పురుగులేమో అని ఒక మందిచ్చి, ఏదీ కాదు గానీ ఏదో ఒకటి అన్నట్టు తల గోక్కుని, పచ్చటి పొడి కలిపి పట్టమన్నాడు. ఇవాళ పొద్దున ఫోను చేస్తే ఒకటే మాట చెప్పాడు. "పొద్దూకే లోపల దానంతటది ఒక్క పోచ నమిలిందనుకో, బతుకుతది. నమిలేటప్పుడు మాత్రం ఆపకుండ్రి, ఎంత తింటే అంత తిననియ్యుండ్రి. నమల్లేదనుకో, రేపు నాకు ఫోన్ చేసి లాభం లేదమ్మా." పొద్దూకే లోపల. దీపాలు పొద్దూకినాక. మధ్యలో ఒక సన్నటి సందు ఉంది, ఆ సందులో ఎవరూ చూడకుండా ఒక్క పోచ తినేస్తే స్వామి కూడా ఏమీ అనుకోడు, దీపాల వేళకు మళ్ళీ మొహం తిప్పుకుని కూర్చుంటే చాలు. అంత తెలివి దానికి ఉందా.

నీళ్ళు నిండాయి. పొర్లుతున్నాయి, బండ మీద పడి పాకుతున్న చప్పుడు, తపతపమని, బుజ్జమ్మ బట్టలు జాడించే చప్పుడులాగా. వద్దు, బుజ్జమ్మ ఎందుకిప్పుడు. అంట్లు తోమడానికి వచ్చేది, మానవపాడు దిక్కు మనిషి, ఆదివారం చర్చికి పోయేది, గొంతు పెద్దది, నల్లా వస్తే వాకిట్లోంచే అరిచి చెప్పేది. ఆమె ఉన్నప్పుడు నల్లా ఎప్పుడూ పొర్లలేదు. శనివారం గీత పడుకుంటే కుందేలు పెరట్లోనే, ఆ బండ చుట్టూతా, ఆమె కాళ్ళ మధ్యనే తిరుగుతుండేది. శ్రావణంలో ఒక శనివారం నిద్ర పట్టక లేచి గీత పెరట్లోకి పోయింది. బుజ్జమ్మ బండ పక్కన గొంతుక్కూర్చుని, ఒళ్ళో ఇంత గరిక పెట్టుకుని, ఒక్కొక్క పోచే అందిస్తోంది. నామం పెట్టుకున్న గోవిందు కరకరకర నమిలేస్తోంది, పోచ ఇట్లా పెట్టగానే అట్లా లోపలికి పోతోంది, యంత్రంలోకి దారం పోయినట్టు. ఆ చప్పుడు. అంత హాయైన చప్పుడు గీత ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు, విన్నందుకు ఒళ్ళు మండిపోయింది.

ఒక్కపొద్దు చెడగొడుతున్నావా అని అడిగింది. బుజ్జమ్మ లేవనైనా లేవలేదు. "దానికేం తెల్సక్కా శనివారమని. దానికి ఆకలైతది," అన్నది. మీ దేవుడు వేరు, నీకిట్లాంటివి ఏం తెలుస్తాయి అని గీత అన్నది, ఇంకా ఏవో అన్నది, అవి ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేదు. బుజ్జమ్మ చీర దులుపుకుని లేచింది. "మేం గూడ ఉంటమక్కా ఉపాసం. మేమే ఉంటం. వేరేటోళ్ళను ఉంచం," అన్నది. గోవిందు ఇద్దరి మధ్యనా కూర్చుని చివరి పోచ నములుతూనే ఉంది. ఆ రోజే పని మాన్పించింది. మాన్పించాక ఎందుకో చెప్పాలి కదా, తిండి పెట్టిందని చెబితే ఒక్కపొద్దు ఉత్తదైపోతుంది, అందుకని కుందేలు తొడలు పిసికి చూస్తుంటే పట్టుకున్నానని చెప్పింది, కూరకి. కాంతమ్మ నోరు నొక్కుకుంది. కాలనీలో ఆమె పని చేసే మిగతా ఇళ్ళు కూడా ఒక్కొక్కటే మాన్పించాయి, కోళ్ళు లేని ఇళ్ళు కూడా. ఇప్పుడు గట్టు మండలం దిక్కు సీడు పత్తి చేన్లలో పూలు గిల్లడానికి కూలికి పోతోందట, మొగుడికి ఒంట్లో బాగుండదట. గీత అయ్యో అన్నది, అన్నదా, మనసులో అనుకునే ఉంటుంది. అంటే శ్రావణం దాకా శనివారాలన్నీ. అంటే అందరూ చెంపలు వేసుకున్న ఆ శనివారాలన్నీ ఇది కడుపు నిండా. అంటే నిజంగా ఒక్కపొద్దు మొదలైంది బుజ్జమ్మ పోయాకనే, అంటే. నీళ్ళు వీధిలోకి పోతున్నట్టున్నాయి. లేవాలి.

కుందేలును తువ్వాలతో సహా సంకలో ఇరికించుకుని పెరట్లోకి పోయింది. నల్లా కట్టేసింది. నిశ్శబ్దం ఒక్కసారిగా మీద పడింది, అందులో ఎవరి కడుపో గురగురలాడింది, ఆశగా పొట్టకు చెవి ఆనించింది, కాదు, తనదే, ఉప్మా. బండ చుట్టూ గరిక ఒత్తుగా లేచి ఉంది. బుజ్జమ్మ ఉన్నప్పుడు ఎప్పటికప్పుడు గిల్లేది, ఇప్పుడు గిల్లేవాళ్ళు లేరు, వారం వారం పొర్లిన నీళ్ళన్నీ తాగి మోకాలెత్తు పెరిగి ఊగుతోంది. పట్టించుకోకపోయినా ఈ ఇంట్లో ఒళ్ళు చేసింది గరికొక్కటే. సంకలో ఏదో కదిలింది. గోవిందు మెడ చాచింది. ఆ మెడ అంత పొడుగుంటుందని గీతకు తెలియదు. ముక్కు ఆడుతోంది, ముందు నెమ్మదిగా, తర్వాత గబగబా, చెవి ఒకటి లేచింది, బుజ్జమ్మ కూర్చునే చోటు వైపు. గీత ఊపిరి బిగబట్టి వంగింది, ఒక పోచ తుంపింది, కొస పట్టుకుని నోటి దగ్గర పెట్టింది. వాసన చూసింది. మొహం తిప్పుకోలేదు. పెదవి విచ్చుకుంది, లోపల పసుపుపచ్చటి పళ్ళు, కొరికింది. తనంతట తను. నమిలింది. ఆగింది, అలసిపోయినట్టు. మళ్ళీ నమిలింది. కర. కర. గీతకు ఏడుపొచ్చింది, నిజమైన ఏడుపే, అమూల్య పుట్టినప్పుడు మొదటిసారి పాలు తాగితే ఇట్లాగే వచ్చింది. తిను, నా తల్లి తిను, ఎంత తింటే అంత తిను. పోచలో సగం లోపలికి పోయింది, సగం బయట ఉంది, బయటి సగం కొస గీత వేళ్ళలో ఉంది.

గేటు గడియ చప్పుడైంది.

"గీతా, ఉన్నవానే? గోవిందు ఎట్లున్నడు? మా వసంత ముందలనే వచ్చింది, దీపాలకు ముందుగాలకెళ్ళే వీడియో తీస్తదంట, అసలేం తినకుంట ఎట్ల కూసుంటడో అంత చూపిస్తదంట," కాంతమ్మ గొంతు సందులోంచి నడిచి వస్తోంది, వెనక చాలా కాళ్ళు. నీళ్ళు ఎవరు వదిలేశారని కూడా అంటోంది. ఆ సందు తిన్నగా పెరట్లోకే వస్తుంది. గీత వేళ్ళు పోచ కొసను బిగించాయి. బిగించమని ఆమె చెప్పలేదు, వాటంతట అవే.

ఇక్కడిదాకా చెప్పుకుంటూ వచ్చినవాడికి ఇక్కడ కాలూ చెయ్యీ ఆడటం లేదు. చదువుతున్న అక్కలారా, అన్నలారా, మీలో ఎవరింట్లోనైనా కుందేలుంటే, ఒక్కపొద్దుంటే, ఎదురింట్లో ఒక కాంతమ్మ ఉంటే, మీకు దండం పెడతా, ఈ గీతకు ఏం చెప్పాలో చెప్పండి. లాగెయ్యమనాలా, వదిలెయ్యమనాలా? ఒక్క పోచే కదా, వాళ్ళు వెళ్ళాక ఇంకొకటి పెట్టొచ్చు కదా అంటోంది, దానికేమని జవాబియ్యాలి? మీ ఇళ్ళలో ఇట్లాంటప్పుడు ఏం చేస్తారు? ఆలోచించి చెబుతామనకండి, వాళ్ళు తడిలో కాలు జారకుండా చెప్పులు విప్పి చేతుల్లో పట్టుకుంటున్నారు, వసంత ఫోను పైకెత్తింది. జర తొందరగా చెప్పండి. కుందేలు వైపు నుంచి పట్టు అంత గట్టిగా ఏమీ లేదు.